పాత రెగ్యులేటరు - కొత్త పాఠం
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా మనవడు విశాఖలో సముద్రపు డైవింగు నేర్చుకున్నాడు. ఎవరో వాడిన రెగ్యులేటరు చవకగా వస్తోందని, "తాతయ్యా, కొంచెం డబ్బు సర్దు" అన్నాడు. బిల్లు చూడకుండా సంతకం పెట్టే అలవాటు నాకు ఉద్యోగంలోనే లేదు. "ముందు వస్తువు చూద్దాం పద" అని, వాడికి నేర్పిన మాస్టారిని కూడా వెంటబెట్టుకు వెళ్లాం.

సిలిండరులో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. రెగ్యులేటరు మొదటి భాగం దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికన్నా 9, 10 బార్లు మాత్రమే ఎక్కువ ఉండేలా తగ్గిస్తుంది. నోట్లో పెట్టుకునే రెండో భాగం పీల్చినప్పుడల్లా కావలసినంత గాలి ఇస్తుంది. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు ఇలాంటి సాధనాన్ని తయారుచేశారు.

ఆ వస్తువు పైకి తళతళలాడుతోంది. మాస్టారు మూత తీసి లోపలి ఫిల్టరు చూపించారు. పచ్చబడి ఉంది. అంటే ఉప్పునీరు లోపలికి పోయిందన్నమాట. మూత బిగించి నోటితో పీల్చారు. గాలి రాకూడదు, వచ్చింది. ఎక్కడో కారుతోంది. సిలిండరుకు తగిలించి ఒత్తిడి మీటరు పెట్టారు. ముల్లు ఒకచోట నిలవాలి. అది మెల్లగా పైకి పాకుతూనే ఉంది. లోపలి సీటు అరిగిందన్నారు. సర్వీసు కాగితాలు అడిగితే లేవు. ఆ మోడలుకు విడిభాగాలూ దొరకడం లేదట.

వద్దని లేచి వచ్చేశాం. దారంతా మనవడు నాతో మాట్లాడలేదు.

నెల తరువాత ఇంకొకటి దొరికింది. గీతలు పడి ఉంది, ధర ఎక్కువే. కానీ సర్వీసు కాగితాలన్నీ ఉన్నాయి, విడిభాగాలు దొరుకుతాయి, ముల్లు కదలలేదు. అయినా మెకానికు చేత సర్వీసు చేయించాకే నీళ్లలో దిగనిచ్చాను. ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకుని బేరమాడాలని అప్పుడే తెలిసింది. బీరువాలో ఊరికే ఉన్నా రబ్బరు వాషర్లు ఎండిపోతాయి. మనం ఏటా బతికున్నామని సర్టిఫికెట్టు ఇచ్చినట్టే, దానికీ తయారీదారు చెప్పిన గడువు ప్రకారం తనిఖీ ఉండాలి.

మనవలు పాత వస్తువు కొంటామంటే కాదనకండి. కాగితాలు అడగండి, తెలిసినవాడిచేత చూపించండి. పద్దులో తప్పు పడితే మరునెలలో సరిచేసుకోవచ్చు. 18 మీటర్ల లోతున ఆగిన ఊపిరికి సప్లిమెంటరీ బిల్లు లేదు.

సెలవు.