కొండెక్కే సరదా ఎవరిది?

(కల్లూరులో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిరపకోతలకు పోయే ఆడవాళ్ళతో హాబీల గురించి ఏం మాట్లాడతారని ఇక్కడికి బయల్దేరేముందు ఒకాయన నన్నడిగాడు. ఆయన ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉంది. సరదా అనేది తీరిక ఉన్నవాళ్ళదని ఆయన ఉద్దేశం. మరి మనకు తీరిక లేకుండా చేసిందెవరు?

మాలావత్ పూర్ణ పేరు మీరు వినే ఉంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. తల్లీతండ్రీ వ్యవసాయ కూలీలు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. అంత చిన్న వయసులో ఆ శిఖరం మీద నిలబడిన ఆడపిల్ల అంతకు ముందు ఎవరూ లేరు. ఆమెతోపాటు ఎక్కిన ఆనంద్‌కుమార్ మన ఉమ్మడి ఖమ్మం జిల్లా కుర్రాడే. 2022 నాటికి పూర్ణ ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలూ ఎక్కేసింది.

ఆ పిల్ల పట్టుదల గురించి అందరం చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ ఆమె చేతికి తాడు ఎక్కడ దొరికింది? సాంఘిక సంక్షేమ గురుకులంలో. ప్రభుత్వ ఖర్చుతో ముందు భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో నేర్పించారు. బండ ఎక్కేటప్పుడు నడుముకు తాడు కట్టి, రెండో కొస ఇంకొకరు పట్టుకుంటారు. కాలు జారినా పడిపోనివ్వరు. మన పిల్లల్లో ఎంతమందికి అలా పట్టుకునే చెయ్యి ఉంది?

మన ఊళ్ళల్లో చింతచెట్టెక్కని ఆడపిల్ల ఉందా? పెద్దమనిషి కాగానే దించేస్తాం. 'మగరాయుడు' అని పేరు పెడతాం. నేనూ పెట్టించుకున్నదాన్నే. అటు భద్రాచలం అడవిలో కోయ ఆడవాళ్ళు మండుటెండలో తునికాకు కోసం గుట్టలెక్కి దిగుతారు. దాన్ని సాహసమని ఎవరూ అనరు, కట్టకింతని లెక్కగట్టి ఇస్తారు.

తీరిక సంగతి చూడండి. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. ఇంచుమించు అయిదు గంటలు! కూలిపని దీనికి అదనం. విశ్రాంతి, తీరిక మనిషి హక్కని 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణంలో ఉంది. స్త్రీల పట్ల వివక్షను రూపుమాపే ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. ఆటలు, వినోదం స్త్రీలకు సమానంగా అందాలని దాని 13వ అధికరణం చెబుతోంది. ఈ సంగతి మన ఇళ్ళదాకా ఇంకా రాలేదు.

ఇందాక ఒక పెద్దమ్మను, రోజూ ఒక గంట నీదే అంటే ఏం చేస్తావని అడిగాను. "పడుకుంటా బిడ్డా" అంది. అందరం నవ్వాం గానీ నాకు నవ్వు నిలవలేదు. పక్కనున్న ఆమె మనవరాలు మాత్రం, "గుట్టెక్కడం నేర్చుకుంటా" అంది. మంచిది. ఆ పిల్లకు సాయంత్రం ఆ గంట దొరకాలంటే, ఆ వేళ ఇంట్లో అంట్లు ఎవరు తోమాలి? తమ్ముడున్నాడట. అదుగో, బయట క్రికెట్ ఆడుతున్నాడు. ముందు వాణ్ణి లోపలికి పిలవండి.