రాతిమీది రెండు పాఠాలు

ఏడాది పొడవునా వచ్చిన పరిశోధనలన్నిటినీ అధ్యక్షోపన్యాసంలో ఒకసారి తలచుకోవడం మన ఆనవాయితీ. ఈసారి ఆ పని కార్యదర్శి గారి నివేదికకు వదిలేసి, నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ఒక్క ప్రశ్న మీ ముందు పెడతాను. భారతదేశంలో ఇస్లాం చరిత్ర పేరుతో మనం రాస్తున్నది, పాఠం చెబుతున్నది ఇస్లాం చరిత్రేనా?

మన బడి పుస్తకాల్లో అది సింధు మీద ముహమ్మద్ బిన్ ఖాసిం దండయాత్రతో మొదలవుతుంది. తర్వాత 1026లో సోమనాథ్, 1192లో తరాయిన్, 1323లో ఓరుగల్లు, 1526లో పానిపట్టు. అన్నీ యుద్ధాలే. ఆ మతాన్ని ఎవరు, ఎందుకు స్వీకరించారో, మసీదులో దీపానికి నూనె ఎవరిచ్చారో, ఊళ్లో ఎవరి సమాధికి ఎవరు మొక్కారో ఈ తేదీల్లో దొరకదు. శైవమత చరిత్ర రాయమంటే చాళుక్య చోళ యుద్ధాల పట్టిక ఎవరమూ రాసివ్వం. ఇస్లాం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పట్టికే చాలనుకుంటాం. దండయాత్రలను తిట్టేవారిదీ ఈ పట్టికే, సుల్తానుల వైభవాన్ని పొగిడేవారిదీ ఈ పట్టికే.

సోమనాథ్ పేరు వచ్చింది కాబట్టి అక్కడే కాసేపు ఆగుదాం. గజనీ మహమూద్ దాడి మనందరికీ తెలుసు. అది జరిగిన 238 ఏళ్లకు, 1264లో, అదే ఊళ్లో ఒక మసీదు కట్టారు. కట్టించినవాడు హోర్ముజ్ నుంచి వచ్చిన ఓడల యజమాని నూరుద్దీన్ ఫిరోజ్. అప్పటికి గుజరాతును ఏలుతున్నది వాఘేలా రాజు అర్జునదేవుడు. ఢిల్లీ సుల్తానుల అధికారం ఇంకా అక్కడికి చేరలేదు. సోమనాథ పట్టణంలో ఆ వ్యాపారికి స్థలం సమకూరడానికి అండగా నిలిచినవాడు ఛాడ అనే స్థానిక ప్రముఖుడు. ఊరి పెద్దల్లో పాశుపత శైవాచార్యుడు కూడా ఉన్నాడు. ఒక నూనె గానుగ, కొన్ని దుకాణాల రాబడి మసీదు ఖర్చులకు రాసిచ్చారు. దీపాలు, నీళ్లు, ఇమాము జీతం, నావికుల పండుగ ఖర్చు పోగా మిగిలింది మక్కా, మదీనాలకు పంపాలన్నారు. మసీదు బాగోగులు చూడవలసిన జమాతులో నావికులు, గానుగవాళ్లు, సున్నం పనివాళ్లు, గుర్రాలు కాసేవాళ్లు ఉన్నారు.

ఇదంతా సంస్కృత శాసనంలో ఉంది. కాలం కూడా నాలుగు లెక్కల్లో వేశారు: హిజ్రీ 662, విక్రమ 1320, వలభి 945, సింహ 151. ప్రార్థనాశ్లోకంలో అల్లాను విశ్వనాథుడనీ శూన్యరూపుడనీ విశ్వరూపుడనీ స్తుతించారు. చదువుతుంటే మనసు తేలికపడుతుంది. మహమూద్ కథకు జవాబు దొరికిందనిపిస్తుంది.

అయితే ఆ దానానికే అరబ్బీలో మరో శాసనం ఉంది. ఈ పట్టణం ఇస్లాం నగరాల్లో ఒకటి కావాలనీ, ఇక్కడి నుంచి అవిశ్వాసం తొలగిపోవాలనీ అందులో ప్రార్థన ఉంది. సంస్కృతంలో ఆ మాట లేదు. ఒకే దాత, ఒకే కట్టడం, రెండు రకాల పాఠకులు. సంస్కృతం ఒక్కటే చదివినవారు దీన్ని సామరస్యానికి సాక్ష్యమంటారు. అరబ్బీ ఒక్కటే చదివినవారు లోపల దాచుకున్న కోరిక బయటపడిందంటారు. రెండూ చదివిన చరిత్రకారుడికి మాత్రం మనుషులు కనిపిస్తారు. తన దేవుడే గెలవాలని కోరుకుంటూనే పొరుగు దేవుడి పూజారితో కలిసి దస్తావేజు రాయించుకున్న వ్యాపారి, ఆ వ్యాపారి తెచ్చే రాబడి మీద కన్నేసిన ఊరి పెద్దలు. నా దృష్టిలో బహుమతాల దేశంలో ఇస్లాం చరిత్ర రాయవలసిన తీరు ఇదే. వాదానికి పనికొచ్చే పాఠాన్ని ఏరుకుని రెండోదాన్ని పక్కన పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. అందులో ఉదారవాదులమని చెప్పుకునేవారికీ మినహాయింపు లేదు.

మలబారు తీరంలోనూ ఇస్లాం ఓడల మీదే వచ్చింది. కేరళ రాజు చేరమాన్ పెరుమాళ్ మక్కా వెళ్లాడన్న కథను చరిత్రగా నిలబెట్టడం కష్టం. కానీ మాడాయి మసీదులోని 1124 నాటి శాసనం కథ కాదు.

ఇక కత్తి సంగతి. మతమార్పిడికి మూలం కత్తేనన్న వాదానికి జవాబు జనాభా లెక్కల్లోనే ఉంది. రాజ్యబలం వల్లనే జనం ముస్లిములై ఉంటే ఢిల్లీ, ఆగ్రాల చుట్టూ ఆ సంఖ్య అత్యధికంగా ఉండాలి. అవిభక్త భారతంలో ముస్లింలు అధికంగా ఉన్నది పశ్చిమ పంజాబులో, తూర్పు బెంగాలులో. రెండూ రాజధానికి దూరపు అంచులు. 1872లో బెంగాలులో తొలి జనగణన జరిగినప్పుడు డెల్టా జిల్లాల పల్లెల్లో అంతమంది ముస్లిం రైతులుండటం చూసి ఆంగ్లేయ అధికారులే నివ్వెరపోయారు. రిచర్డ్ ఈటన్ 1993లో వెలువరించిన గ్రంథంలో దీనికి నదులతో, అడవులతో, నాగలితో ముడిపెట్టి వివరణ ఇచ్చాడు. గంగ ప్రవాహం తూర్పుకు జరిగింది. అడవి కొట్టి వరి పండించడానికి జనాన్ని కూడగట్టిన నాయకుల్లో కొందరు పీరులుగా పూజలందుకున్నారు. వాళ్లు నిలిపిన చిన్న చిన్న మసీదుల చుట్టూ ఊళ్లు వెలిశాయి. ఆ మార్పుకు తరాలు పట్టింది. ఏదో ఒక రోజున మతం మారామన్న స్పృహ కూడా ఆ రైతులకు ఉండి ఉండదు. ఈ వివరణ బెంగాలుది. దాన్ని తెచ్చి తెలుగు నేల మీద యథాతథంగా పరచకూడదు. ఇక్కడి నదులూ అడవులూ వేరు, కులవ్యవస్థ పట్టు వేరు.

మన దగ్గరికి వద్దాం. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. స్వయంభూశివాలయం నేలమట్టమైంది. మరుసటి ఏడాదికల్లా రాజమహేంద్రవరంలో గుడి ఉన్నచోట మసీదు వెలిసింది. 1324 నాటి పారశీక శాసనం ఇప్పటికీ ఉంది. 1330 ప్రాంతపు విలస తామ్రశాసనంలో ప్రోలయ నాయకుడు ఆ కాలపు బాధను చెప్పుకున్నాడు. దీన్ని దాచనక్కర్లేదు, మెత్తబరచనూ అక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడంటే, కథను అక్కడే ఆపేయడంలో. అదే దక్కనులో 1439లో విజయనగర సైన్యంలోని అహ్మద్ ఖాన్ అనే ముస్లిం అధికారి, తన ప్రభువు రెండవ దేవరాయలకు పుణ్యం కలగాలని రాజధానిలో మసీదు కట్టించాడు. శాసనం కన్నడంలో వేయించి, అందులో దాన్ని ధర్మశాల అన్నాడు.

గోల్కొండ గురించి ఈ సభలో కొత్తగా చెప్పవలసింది తక్కువ. అన్న జంషీద్‌కు భయపడి ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా మన కవులకు మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్రను పొన్నగంటి తెలగన పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. ఆశ్రయమిచ్చిన అళియ రామరాయలి మీదికి 1565లో వెళ్లిన సుల్తానుల్లో ఆ ఇబ్రహీమే ఉన్నాడు. రాజకీయానికి మతంతో పని ఎంత ఉంటుందో, కృతజ్ఞతతోనూ అంతే.

ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెబుతాను. కృతిభర్తృత్వాన్ని చూపించి హిందూముస్లిం సఖ్యత అని మనం ప్రతి సభలోనూ చప్పట్లు కొట్టించుకుంటున్నాం. కవి అగ్రహారం కోసం పద్యం చెప్పాడు. ప్రభువు కీర్తి కోసం విన్నాడు. అందులో తప్పేమీ లేదు, మన కావ్యచరిత్ర అంతా అలాగే నడిచింది. కానీ ఆ పద్యం పుట్టిన కాలంలో పటాన్‌చెరు సంతలో దూదేకులవాడు ఎవరితో కలిసి తిన్నాడో పీఠికలు చెప్పవు.

చెప్పగలవి వేరే ఉన్నాయి. కుతుబ్ షాహీల చివరి దశలో ఫర్మానాలు పైన పారశీకంలో, కింద తెలుగులో వెలువడ్డాయి. కావలి సోదరుల వంటి సహాయకులతో మెకంజీ సేకరించిన కైఫియత్తులున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారుచేసిన రిజిస్టర్లున్నాయి. మసీదులకు, దర్గాలకు, ఆషుర్‌ఖానాలకు ఉన్న ఇనాం భూముల పూర్వాపరాలు అందులో వెతకాలి. ఒక పీరుకు మాన్యం ఎవరిచ్చారు, పూజ ఎవరిది, పంట ఎవరిది అన్న లెక్కల్లోనే పల్లె ఇస్లాం ఉంది.

ఆ పల్లె ఇస్లాం మనకు పరాయిది కాదు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరు ఊరేగుతుంటే అన్ని కులాలవారూ అగ్నిగుండం చుట్టూ చేరతారు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో దిగి, కోరిక చెప్పుకుని రొట్టెలు మార్చుకుంటారు. మస్తానమ్మ, హుస్సేనప్ప, ఫకీరప్ప అన్న పేర్లు ఎన్ని హిందూ ఇళ్లలో లేవు! దూదేకుల సిద్దయ్య లేకుండా పోతులూరి వీరబ్రహ్మం కథ ఎవరూ చెప్పరు. నూర్‌బాషాలనే ఈ దూదేకులవారికి ఇంటిభాష తెలుగే కావడం చూసి ఉర్దూ మాట్లాడే ముస్లింలు కొందరు చిన్నచూపు చూశారు, హిందువులు వాళ్లను తురకల్లో కలిపేశారు. సామరస్యం మీద మనకున్న మోజులో ఈ రెండువైపుల చిన్నచూపును రాయడం మానేశాం. అలాగే, పీర్ల పండుగ మతసమ్మతం కాదని ముస్లిం సంస్కర్తలు చెబుతూ వచ్చారు. అది బయటి నుంచి వచ్చిపడ్డ పెడసరం కాదు. తమ మతమేమిటని తాము వేసుకున్న ప్రశ్న. దానికీ చరిత్ర ఉంది, దాన్ని గౌరవంగానే రాయాలి.

ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చేసరికి మనకు అచ్చు పుస్తకాలున్నాయి. ఆంధ్ర భాషా చరిత్ర రాసిన చిలుకూరి నారాయణరావు గారే ఖురానును తెలుగులోకి తెచ్చారు. పిఠాపురంలో ఉమర్ అలీషా కవిగా, పీఠాధిపతిగా సూఫీ మార్గాన్నీ వేదాంతాన్నీ ఒకే తెలుగులో బోధించారు. 1948లో హైదరాబాదులో రజాకార్ల నాయకుడూ ముస్లిమే; రజాకార్లను ఎదిరించి రాసినందుకు ఆ ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖానూ ముస్లిమే. పోలీసు చర్య తర్వాత పల్లెల్లో సామాన్య ముస్లింల మీద జరిగిన హింస మాత్రం మన పుస్తకాల్లో ఇంకా ఒక పేరాకు మించలేదు.

ఆ మౌనాన్ని బద్దలుకొట్టింది చరిత్రకారులు కారు, కవులు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ, 1998లో జల్జలా సంకలనం, ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలు వచ్చేదాకా, ఎప్పుడో ఏ సుల్తానో చేసినదానికి తాను జవాబుదారీ కావడమేమిటని అడిగే తెలుగు ముస్లిం గొంతు మన సదస్సుల్లో వినిపించలేదు. పట్టిక రాసింది మనం, దాని శిక్ష అనుభవించింది వాళ్లు. సాహిత్య విమర్శకులు ఈ రచనలను అస్తిత్వవాద సాహిత్యమన్న అరలో సర్దేశారు. నేను వాటిని మన శాఖ మీద వచ్చిన ఫిర్యాదుగా చదువుతాను.

కాబట్టి రెండు పనులు ప్రతిపాదిస్తున్నాను. మన విశ్వవిద్యాలయాల చరిత్రశాఖల్లో మధ్యయుగం మీద పరిశోధించే తెలుగు విద్యార్థికి పారశీకం రాదు. పారశీకం వచ్చినవారిలో చాలామందికి పాత తెలుగు దస్తూరి కొరుకుడు పడదు. ఒకే ఫర్మానాలో పైసగం ఒకరు, కిందిసగం ఇంకొకరు చదువుతూ, ఇద్దరూ కలుసుకోకుండానే రెండు వ్యాసాలు అచ్చువేస్తున్నారు. వేసవి సెలవుల్లో ఈ సదస్సు పక్షాన లిపి శిక్షణ తరగతులు నడపాలి. మౌల్వీలూ తెలుగు పండితులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చెప్పేటట్టు. రెండోది, ద్విభాషా ఫర్మానాలు, దర్గా మాన్యాల పట్టాలు, ఆషుర్‌ఖానాల కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నాయో జిల్లాలవారీగా జాబితా తయారుచేయాలి. ముజావర్ల ఇళ్లలో ఉన్న కాగితాలను చెదలు తినకముందే, వాళ్ల అనుమతితో, ఫొటోలు తీయాలి. ఆస్తి తగాదాల్లో ఆ కాగితాలకున్న విలువ వల్ల వాళ్లు చూపించడానికి జంకుతారు. ఆ భయం న్యాయమైనదే, నకళ్లు ఎవరి చేతికి వెళతాయో ముందే రాసివ్వాలి. మధ్యాహ్నం కార్యవర్గ సమావేశంలో ఈ రెండింటినీ తీర్మానాలుగా ప్రవేశపెడుతున్నాను. జాబితా పని కడప, కర్నూలు జిల్లాలతో మొదలుపెడదామని నా సూచన. అభ్యంతరాలున్నవారు అక్కడే చెప్పండి.