సర్కారు భవనములు: స్వామ్యము, సంరక్షణము



దాతలు కట్టించిన పాఠశాలను సర్కారునకు దానమిత్తమా, అద్దెకిత్తమా, స్వామ్యము మనయందే నిలుపుకొని వాడుకకు మాత్రమిత్తమా యను చర్చ మన సంఘమున సాగుచున్నది.

భవనమునకు స్వామి యొకచోట, వాడువారు వేఱొకచోట నున్న నేమగునో హైదరాబాదు సచివాలయమున చూచితిమి. 2014లో ఆ నగరము పదేండ్లకు ఉమ్మడి రాజధాని యయ్యెను. ఆంధ్రప్రదేశ్ కొలువు 2016లో వెలగపూడికి తరలగా, దాని వంతు గదులు చాలవఱకు శూన్యములై, 2019లో గాని తెలంగాణమునకు చేరలేదు. క్రొత్త సచివాలయమునకై 2020లో నవియు కూల్పబడినవి.

అంత దూరమేల? మేము ఉపాధ్యాయులమై యున్న కాలమున నొక అద్దెబడి కప్పు కారుచుండెను. సర్కారువారు ఇల్లు తమది కాదనిరి. యజమాని అద్దె చాలదనెను. పిల్లలు వానజల్లులో అరుగుపై అక్షరములు దిద్దిరి. వాడుకకు మాత్రమిచ్చినను ఈ చిక్కే వచ్చును.

కావున దానమే మా మతము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ననుసరించి ఇద్దరు సాక్షుల సంతకములతో పత్రము రిజిస్టరు కావలెను. బడికే వాడవలెనను షరతు నందు వ్రాయింపుడు. దాతల పేర్లు ఎంత పెద్ద యక్షరములతో చెక్కవలెనో పిమ్మట చూచుకొందము. ఏటేట సున్నమునకు, పెంకులకు చాలునంత నిధిని మాత్రము సంఘమే యుంచుకొనవలెను. దానికి చందాలు నేడే, యీ సభలోనే వ్రాయవలెనని ప్రార్థించుచున్నాము.