పాత పొగాకు పైపుల జీర్ణోద్ధరణము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చువారిలో డిటెక్టివు కథలు చదువనివారు అరుదు. ఆర్థర్ కానన్ డాయిల్ 1893లో ప్రకటించిన ‘ది యెల్లో ఫేస్’ అను కథలో ఒక చిన్న ఘట్టము గలదు. షెర్లాక్ హోమ్సు ఇంట లేని సమయమున ఒక పెద్దమనిషి వచ్చి, కొంతసేపు వేచియుండి, నిలువలేక వెళ్లిపోవుచు తన పొగాకు పైపును బల్లమీద మరచిపోవును. హోమ్సు దానిని చేతికి తీసికొని పరిశీలించును. అది రెండుచోట్ల విరిగినది. రెండుచోట్లను వెండి కట్లు వేయబడినవి. ఒక్కొక్క కట్టునకైన ఖర్చు పైపు కొన్న వెలకంటె హెచ్చు. ఆ డబ్బుతో క్రొత్తది కొనక పాతదానినే బాగుచేయించుకొనెనన్న, దానిపై అతనికెంత మమకారమో గదా యని ఆయన ఊహించును.

నేటి ప్రసంగ విషయము అట్టి మమకారమే. పాత పైపులను వెదకి తెచ్చి, శుభ్రపరచి, మెరుగుపెట్టి, వెనుకటి రూపమునకు తెచ్చుట పాశ్చాత్య దేశములలో పలువురకు తీరికవేళల వ్యాసంగము. పొగ త్రాగుటను గూర్చిన ప్రశంస ఇందు లేదు. ధూమపానమునకును ఊపిరితిత్తుల రాచపుండునకును గల సంబంధమును 1950లోనే రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు చూపిరి. పైపు నోటికి చేయు కీడును తక్కువది కాదు. అయితే పైపును బాగుచేయువాడు దానిని ముట్టించి తీరవలెనను నియమమేమియు లేదు.

మనవైపు చుట్ట గలదు, హుక్కా గలదు. చుట్ట కాలి బూడిదయగును. హుక్కా పదిమంది నడుమ తిరుగును. కొయ్య పైపు మాత్రము ఒక్క మనిషి నోట ఏండ్ల తరబడి నిలిచి, అతని పంటిగాట్లను సైతము మోయును.

ఈ పైపు గిన్నెను బ్రయరు అను కొయ్యతో చేయుదురు. మధ్యధరా సముద్ర తీరపు కొండలపై పెరుగు ఒక పొదకు, వేరునకును కాండమునకును నడుమ బుడిపెవంటి గడ్డ ఊరును. దానిని త్రవ్వి తీసి, ముక్కలుగా కోసి, గంటల తరబడి నీట ఉడికించి, నెలల తరబడి ఆరబెట్టుదురు. నిప్పునకు సులభముగా లొంగని కొయ్య యది. ఫ్రాన్సులో జూరా కొండల నడుమనున్న సాన్‌క్లోద్ అను ఊరి పనివారు 1850 దశకములో దీనితో పైపులు చేయసాగిరి. నోట పెట్టుకొను కాడ ఎబొనైటుతో చేయబడును. రబ్బరును గంధకముతో కలిపి కాచిన గట్టి నల్లని పదార్థమిది; రాజమహేంద్రవరపు రత్నం పెన్నులను ఎరిగినవారికి క్రొత్త కాదు.

పాతవస్తువుల అంగడిలో దొరకు పైపు చూచుటకు రోతగా నుండును. మొదట కాడను గిన్నెనుండి వేరుచేయవలెను. ఏండ్ల తారు పట్టి బిగిసిన దానిని బలవంతముగా మెలిపెట్టినచో లోపలి ముక్కు తెగి గిన్నెలోనే నిలిచిపోవును. పిమ్మట గిన్నెలోని బొగ్గుపొర. పలుచని పొర కొయ్యను కాపాడును. మందమైనచో, వేడికి బొగ్గును కొయ్యయు ఒకే తీరున వ్యాకోచింపవు గావున గిన్నె పగులును. ముక్కునకు గుడ్డ కట్టుకొని, కొంచెము కొంచెముగా గీకవలెను.

పొగ నడచు సన్నని దారిని నూలు చుట్టిన తీగలతో, ఆల్కహాలులో తడిపి తోమవలెను. (వార్నిషునకు వాడు స్పిరిటు విషము, నోట పెట్టుకొను వస్తువునకు తగదు.) మొదటి తీగ తారువలె నల్లగా వచ్చును. పదవది కాఫీ రంగు. ఇరువదవదియు తెల్లగా రాదు. విసుగు పుట్టవలసిన పనియే. కాని ఈ వ్యాసంగపరులు విశ్రాంతి యనునది సరిగా ఈ ఘట్టమునే. చేతికి పని యుండును, మనస్సునకు బరువుండదు. తరువాత గిన్నెను ఉప్పుతో నింపి, ఆల్కహాలు చుక్కలు వేసి రాత్రియంతయు ఉంచినచో, తెల్లవారునప్పటికి ఉప్పు గోధుమరంగుకు తిరిగియుండును. గిన్నె అంచున పట్టిన మసిని తీయుటకు పలువురు వాడు ద్రవము ఉమ్మి యనిన సభలో నవ్వు పుట్టవచ్చును. కాని అది నిజము.

ఎండ తగిలిన ఎబొనైటులోని గంధకము పైకి తేలి కాడ పసుపుపచ్చగా మారును. గరుకు కాగితమును నీట తడిపి, 400 నంబరుతో మొదలిడి 2000 వరకు పోయినచో నలుపు తిరిగి వచ్చును. పంటిగాటును కొవ్వొత్తి మంటకు దూరముగా చూపిన, ఆ పదార్థము తన తొలిరూపమును తలచుకొన్నట్లు తానే పైకి ఉబుకును.

అసలు పరీక్ష మెరుగు పెట్టునపుడు. పైపు మెడమీద చేసినవారి ముద్ర యుండును. లాత్వియా దేశమునుండి వచ్చి డబ్లినులో స్థిరపడిన చార్లెస్ పీటర్సన్, తేమను వేరుగా పట్టి ఉంచు పైపునకు 1890లో పేటెంటు పొందెను. ఆ సంస్థ పైపులపై దేశనామము ‘ఏర’ అని యున్నచో, అది 1937 రాజ్యాంగము ఆ పేరు నిలిపిన దరిమిలాది. ‘రిపబ్లిక్’ అని యున్నచో, 1949లో ఐర్లండు గణతంత్రమైన కాలమునకు దగ్గరదో, తరువాతిదో యగును. వెండి కట్టు ఉన్నచో దానిపై లంగరు గుర్తు బర్మింగ్‌హామును, ప్రక్క అక్షరము సంవత్సరమును తెలుపును. ఈ ముద్రల లోతు వెంట్రుక మందమే. తిరుగు చక్రమునకు ఆనించి ఏమరినచో క్షణములో అరిగిపోవును. పైపు అద్దమువలె మెరయును. ఎవరిదో, ఎప్పటిదో చెప్పువారుండరు. అమ్మకపువారు కొందరు మెరుపునే కోరుదురు. ముద్ర ప్రక్కన కొంత మురికి మిగిలిన పైపే మేలు. మాసిన పుస్తకమునకు అట్టకట్టువాడు అంచులు సమముగా కోయబోయి, పూర్వపు చదువరి అంచున వ్రాసికొన్న మాటలను కోసివేయుట గ్రంథాలయములవారు ఎరుగనిది కాదు.

తండ్రి పోయిన పిదప ఆయన పైపును తెచ్చి బాగుచేయుమని కోరువారు గలరు. వారిలో కొందరు పంటిగాట్లను మాత్రము ముట్టవలదందురు. అపుడు కొవ్వొత్తిని వెలిగింపరు. గరుకు కాగితమును గాటు అంచువరకే నడిపి ఆపుదురు. బ్రెజిలు తాటిజాతి ఆకులనుండి తీయు కార్నాబా మైనమును పలుచగా పూసి, ముద్రపై బొటనవ్రేలు అడ్డుపెట్టి, మెత్తని గుడ్డతో తుడిచి ఇచ్చివేయుదురు. తీసికొనిపోయినవారిలో పలువురు దానిని ముట్టింపరు, వ్రాతబల్లమీద ఉంచుకొందురు.