మృతులు లేచిన కథల్లో మిగిలినవారు

బైబిల్‌ను సాహిత్యంగా చదివే ఈ సదస్సులో చనిపోయినవారు తిరిగి లేచిన కథల గురించి మాట్లాడదలచుకున్నాను. పాత నిబంధనలో ఇవి మూడు: సారెపతులో ఏలీయా లేపిన విధవరాలి కొడుకు, షూనేములో ఎలీషా లేపిన పిల్లవాడు, ఎలీషా ఎముకలు తగిలి లేచిన ఒక పేరులేని మనిషి. సువార్తల్లో యాయీరు కూతురు, నాయీను యువకుడు, బేతనియ లాజరు. అపొస్తలుల కార్యాల్లో యొప్పేలో తబితా, త్రోయలో ఐతుకు. వీటిని మరణం మీద గెలుపుగా చదవడం మనకు అలవాటు. నా వాదన వేరు. ఈ కథల దృష్టి పోయినవారి మీద కంటే వారి వెనక మిగిలిపోయినవారి మీద ఎక్కువగా ఉంది. ప్రాణం తిరిగి రావడంతో ఇక్కడ అద్భుతం పూర్తికాదు. ఆ మనిషి తనవారి చేతికి అందాకే పూర్తవుతుంది.

లేచినవారిలో ఒక్కరు కూడా అవతల ఏం చూశారో చెప్పరు. నాయీను యువకుడు లేచి మాట్లాడసాగాడని లూకా రాశాడు గాని, ఏం మాట్లాడాడో రాయలేదు. నాలుగు రోజులు సమాధిలో ఉన్న లాజరు యోహాను సువార్త మొత్తంలో ఒక్క మాట పలకడు. పరలోకపు కబురు చెప్పడానికే ఈ కథలు పుట్టి ఉంటే ఇంత మౌనం ఉండేది కాదు. పైగా వీళ్లంతా మళ్లీ పోవలసినవారే. లాజరు విందులో కూర్చున్న కొద్ది వచనాలకే, అతణ్ని కూడా చంపాలని ప్రధాన యాజకులు ఆలోచన చేస్తారు. పునరుత్థానం గురించి కొరింథీయులకు అంత విస్తారంగా రాసిన పౌలు ఈ కథల్లో ఒక్కదాన్నీ సాక్ష్యంగా తీసుకురాలేదు. ప్రథమఫలమని క్రీస్తునే అన్నాడు. మరణాన్ని శాశ్వతంగా గెలవడం ఈ కథల పని కాదన్నమాట. మరి వీటి పనేమిటి?

సంఖ్యాకాండం 27వ అధ్యాయంలో వారసత్వ క్రమం ఉంది. మనిషి పోతే ఆస్తి కొడుకుది; కొడుకు లేకపోతే కూతురిది; ఆమె కూడా లేకపోతే అన్నదమ్ములది, తర్వాత తండ్రి అన్నదమ్ములది, ఆ తర్వాత దగ్గరి బంధువుది. ఆ వరుసలో భార్య ఎక్కడా లేదు. భర్త పోయిన స్త్రీకి ఒక్కగానొక్క కొడుకు కూడా పోతే కడుపుకోతతో పాటు కూడూ గూడూ పోయినట్టే. సారెపతు సీదోను దేశంలోది, అక్కడి కట్టడి వేరు కావచ్చు. కాని ఆ కథ చెప్పుకున్నది ఇశ్రాయేలీయులు. ఏలీయా మేడగదిలో పిల్లవాడి మీద మూడుసార్లు చాచుకుని ప్రార్థిస్తాడు, పిల్లవాడు బతుకుతాడు. కథ అక్కడ ఆగదు. ప్రవక్త వాణ్ని కిందికి తెచ్చి తల్లికి అప్పగిస్తాడు.

షూనేము కథ మరింత లోతైనది. ఆ ఇల్లాలు ప్రవక్త కోసం మేడ మీద చిన్న గది కట్టించి, మంచం, బల్ల, పీట, దీపస్తంభం అమర్చిన మనిషి. కోతగాళ్ల మధ్య తలనొప్పి అన్న పిల్లవాడు మధ్యాహ్నానికి ఆమె ఒళ్లోనే పోతాడు. ఆమె ఏడవదు. వాణ్ని ప్రవక్త మంచం మీద పడుకోబెట్టి, తలుపు వేసి, భర్తకు సంగతి చెప్పకుండా గాడిద మీద కర్మెలు కొండకు వెళ్లి ఎలీషా కాళ్లు పట్టుకుంటుంది. నేనేమైనా కొడుకును అడిగానా అని నిలదీస్తుంది. ఎలీషా తన సేవకుడు గేహజీ చేత దండం పంపిస్తే సరిపెట్టుకోదు. నువ్వే రావాలని పట్టుబడుతుంది. మన సావిత్రి యముడితో వాదించింది. ఈమె ప్రవక్తతో వాదించింది. సావిత్రి వరాల్లో మామగారి చూపు, రాజ్యం కూడా ఉన్నట్టే, ఈమె కథలో భూమి ఉంది. రాజుల రెండో గ్రంథం 4వ అధ్యాయంలో పిల్లవాడు లేస్తాడు; 8వ అధ్యాయంలో ఆమె ఏడేళ్ల కరవు గడిచాక ఫిలిష్తీయుల దేశం నుంచి తిరిగొచ్చి, తన ఇల్లు, పొలం ఇప్పించమని రాజుకు మొరపెట్టుకుంటుంది. భర్త ప్రస్తావన ఇక లేదు. పిల్లవాడు లేచిన సంగతి గేహజీ రాజుకు చెబుతున్న సమయంలోనే ఆమె కొడుకుతో వచ్చి నిలబడుతుంది. రాజు ఒక అధికారిని నియమించి, పొలంతో పాటు ఆమె వెళ్లిన నాటి నుంచి వచ్చిన పంట రాబడి కూడా ఇప్పిస్తాడు. లేచిన కొడుకు భూమి దావాలో సాక్ష్యమయ్యాడు. మన ప్రసంగాల్లో, వ్యాఖ్యానాల్లో ఈ రెండో సగానికి తగిన చోటు దక్కకపోవడం నాకు బాధ.

తబితా దగ్గర మిగిలినవారు రక్తసంబంధీకులు కూడా కారు. యొప్పేలో మేడగదిలో ఆమె దేహం ఉంది. పేతురు వచ్చేసరికి విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె బతికుండగా కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపిస్తారు. ఆమె గుణగణాల మీద లూకా పెద్ద ప్రసంగం పెట్టలేదు. ఆ బట్టలు చూపించాడు, చాలు. ఆమె లేచాక పేతురు పరిశుద్ధులను, ప్రత్యేకంగా ఆ విధవరాండ్రను పిలిచి ఆమెను వాళ్లకు సజీవంగా అప్పగిస్తాడు.

ఇవి నిజమైన చావులు కావని, స్పృహ తప్పినవారిని పోయారనుకున్నారని పంతొమ్మిదో శతాబ్దపు హేతువాద వ్యాఖ్యాత పౌలుస్ వంటివారు అన్నారు. ఈ సందేహం ప్రాచీనులకూ ఉంది: తయానా అపొల్లోనియస్ రోములో ఒక పెళ్లికూతుర్ని లేపిన కథ చెబుతూ, ఆమెలో ప్రాణం ఇంకా మిగిలి ఉందేమోనని ఆయన జీవితకథ రాసిన ఫిలోస్ట్రాటసే అనుమానపడ్డాడు. అద్భుతానికి ఏ సాక్ష్యమూ చాలదన్న తత్వవేత్త హ్యూమ్ వాదం 1748 నుంచీ మన ముందుంది. ఆ వివాదాన్ని సాహిత్య పఠనం తేల్చలేదు, తేల్చినట్టు నటించకూడదు. విశ్వాసి అయినా కాకపోయినా, కథ ఏ క్షణాన్ని తన ముగింపుగా ఎంచుకుందో చూడవలసిందే.

ఇంకా బలమైన అభ్యంతరం 1835లో బైబిల్ విమర్శకుడు స్ట్రౌస్ తెచ్చాడు: సువార్తల అద్భుతాలు పాత నిబంధన అచ్చులో పోసినవని. నాయీను విషయంలో పోలిక కాదనలేనిది. పట్టణపు గవిని, విధవరాలు, కొడుకు అన్నీ సారెపతువే. తల్లికి అప్పగించిన వాక్యం ఏలీయా కథ ప్రాచీన గ్రీకు అనువాదంలో ఉన్నదే. అయితే లూకా ఏది వదిలాడో చూడండి. మేడగది లేదు, దేహం మీద చాచుకోవడం లేదు, ప్రార్థన కూడా లేదు. యేసు పాడెను ముట్టి ఒక్క మాట అంటాడు. ఇంత వదిలేసినవాడు ఆ అప్పగింతను మాత్రం మాటకు మాట ఉంచాడు. అనుకరణ అన్నది నిజమైతే, కథకు ప్రాణం ఎక్కడుందో లూకాకు బాగా తెలుసన్నది కూడా అంతే నిజం.

అన్ని కథలూ ఈ వాదనకు ఒకేలా లొంగవు. యాయీరు తండ్రే గాని నిరాధారుడు కాడు; అయినా పన్నెండేళ్ల ఆ పిల్ల నడిచిన వెంటనే ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమని యేసు ఇంట్లోవాళ్లకు చెబుతాడు. లాజరు కథను యోహాను దేవుని మహిమ కోసమేనని ముందే ప్రకటించాడు. అక్కడ నా వాదన రెండో స్థానంలో నిలబడాలి. అయితే అక్కడ కూడా రాయి తీయడం, కట్లు విప్పడం చుట్టూ నిలిచినవారి పనే. ఎలీషా ఎముకల కథ మాత్రం నాకు ఎదురు సాక్ష్యమే. మోయాబు దండును చూసి జడిసినవారు శవాన్ని ఆ సమాధిలో పడేస్తారు; మనిషి లేచి నిలబడతాడు; అతణ్ని అందుకున్న చేయి ఏదీ కనబడదు. అక్కడ కథకుడికి కావలసింది ప్రవక్త మహిమ ఒక్కటే. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరుల వరుసలో ఈ సంఘటనలను తలచుకున్నప్పుడు లేచినవారి పేర్లు చెప్పలేదు, లేపినవారి పేర్లు కూడా చెప్పలేదు. చనిపోయిన తమవారిని స్త్రీలు తిరిగి పొందారని రాసింది.