తండా బడిలో మొదటి నాలుగేళ్లు

(ఆత్మకూర్ (ఎస్) మండల తండాల యువతను ఉద్దేశించి, సంత్ సేవాలాల్ మహరాజ్ జయంతి సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

 

భోగ్ అయింది, ఆటపాటలు అయినయి. ఇక చదువు మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. "బాగా చదువుకోండి, పైకి రండి" అనే ఉపన్యాసం మీరు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నారు. అది మళ్లీ నేను చెప్పను. మీలో చాలామంది డిగ్రీ దాకా వచ్చినవాళ్లే. నేను మాట్లాడేది మీ వెనుక ఉన్న పిల్లల గురించి, తండా బడిలో ఒకటో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా గడిచే ఆ నాలుగేళ్ల గురించి.

ఆ నాలుగేళ్లే ఎందుకు? మన తండాల్లో ఏ తల్లిని అడిగినా బిడ్డ గురుకులంలో సీటు కొట్టాలంటుంది. అందులో తప్పేమీ లేదు. గురుకులం అనే ఆలోచన మన పాత నల్గొండ జిల్లా గడ్డ మీదే మొలిచింది. 1971లో పీవీ నరసింహారావు గారి హయాంలో సర్వేల్‌లో ఉమ్మడి రాష్ట్రపు తొలి గురుకుల పాఠశాల మొదలైంది. ఊరి పిల్లలకు ఉండటానికి చోటు, తినటానికి తిండి, చదువు చెప్పే సారు ఒకే ఆవరణలో దొరికితే వాళ్లు ఎవరికీ తీసిపోరని ఆ బడి చూపించింది. ఇక మన మాలావత్ పూర్ణ సంగతి మీకు తెలిసిందే. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది.

కానీ గురుకులంలోకి పిల్లలను తీసుకునేది ఐదో తరగతిలో. దానికి నాలుగో తరగతి చదివే పిల్లలు ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ ప్రశ్నపత్రాన్ని ఒకసారి చూడండి. మొత్తం 100 మార్కులు. తెలుగు 20, ఇంగ్లీషు 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మానసిక సామర్థ్యం 10. అంటే నూటికి 45 మార్కులు మన ఇంట్లో మాట్లాడని రెండు భాషలవే. మిగతా ప్రశ్నలను కూడా ఆ భాషల్లోనే చదువుకొని అర్థం చేసుకోవాలి. కాబట్టి పేరుకు తొమ్మిదేళ్ల పిల్ల రెండు గంటల్లో రాసే పరీక్షే అయినా, ఆ పిల్లకు నాలుగేళ్లలో ఎంత చదువు అందిందో అక్కడే తేలిపోతుంది. సీటు వచ్చిన పిల్ల ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడతాం. రానివాళ్లు ఎక్కడున్నారో ఎవరూ అడగరు.

భాష సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే దీన్ని మనమే చిన్నదిగా చూస్తాం. ఐదేళ్ల పిల్లగాడు బడికి వస్తాడు. వాడికి ఏక్, దీ, తీన్, చార్ వచ్చు. మేకలను లెక్కపెడతాడు, దుకాణంలో చిల్లర సరిచూసుకుంటాడు. బడిలో "ఒకటి, రెండు" అంటారు. వాడు నోరు మెదపడు. సారు రిజిస్టరులో కాకపోయినా మనసులో రాసుకుంటాడు, వీడికి లెక్కలు రావని. వాడికి లెక్కలు వచ్చు, రానిది తెలుగు. నీళ్లు అంటే పాణి అని, రొట్టె అంటే బాటి అని తెలిసిన టీచరు ఒకటో తరగతిలో ఉంటే ఈ చిక్కు ఆరునెలల్లో విడిపోతుంది. లేకపోతే వాడు రెండేళ్లు గోడకు ఆనుకొని కూర్చుంటాడు, మూడో ఏడు బడి మానేస్తాడు.

ఇది నా ఊహ కాదు, రాజ్యాంగం ఒప్పుకున్న సంగతి. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన వసతి కల్పించాలని 350ఎ అధికరణం చెబుతోంది. వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించాలని విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ చెబుతోంది. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు బోధన మొదలుపెట్టింది కూడా. గోండి, కోయ, కొలామి, సవర భాషలతో పాటు మన బంజారా భాషా అందులో ఉంది. పుస్తకాలు తెలుగు లిపిలోనే వేశారు, మన భాషకు సొంత లిపి లేకపోవడం దానికి అడ్డు కాలేదు. ఆ పని అన్ని తండాలకూ చేరలేదు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు ఇస్తున్నారు. నేను ఇంగ్లీషుకు వ్యతిరేకిని కాను, మన పిల్లలకు అది కావాలి. అయితే ఊరి పిల్లకు ఎదుటి పేజీ ఆసరా, తండా పిల్లకు రెండు పేజీలూ పరాయివే. ఇద్దరికీ ఒకే పుస్తకం ఇచ్చి సమానత్వం అంటే నేను ఒప్పుకోను.

ఇంకో మాట. గిరిజన విద్య అనగానే అందరి కళ్లకూ ఏజెన్సీ కనిపిస్తుంది. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలంలో ఐటీడీఏలు ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో జీవో 3 వచ్చింది. దాన్ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అక్కడివాళ్ల కష్టాలు వాళ్లకున్నాయి, వాటిని తక్కువ చేయను. మన సూర్యాపేట జిల్లాలో మాత్రం షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. మనం మైదాన ప్రాంత గిరిజనులం. 1976 నాటి చట్టంతో తెలంగాణ లంబాడీలకు ఎస్టీ గుర్తింపు వచ్చింది గానీ, తండా బడిలో మన భాష తెలిసిన టీచరు ఉండాలనే నియమం మనకు ఏనాడూ లేదు. మైదానంలో ఉన్నాం, రోడ్డు ఉంది, బస్సు ఉంది, ఇంకేం కావాలి అంటారు. రోడ్డు ఉన్నంత మాత్రాన పిల్లకు పాఠం అర్థమవుతుందా?

ఇక టీచర్ల లెక్క. అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉంది. ఒక్క టీచరే ఉన్న బడిలో ఆయన మీటింగుకు పోయిన రోజు బడి లేనట్టే. అప్పుడు చేతిలో నాలుగు పైసలు ఉన్న ఇల్లు పిల్లను ప్రైవేటు బస్సు ఎక్కిస్తుంది. ఆ ఇంటిని నేను తప్పుపట్టను. బస్సు ఎక్కినవాళ్లు ఎక్కగా మిగిలేది మిరప ఏరటానికి వలసపోయే ఇళ్ల పిల్లలు, అవ్వతాతల దగ్గర ఉండేవాళ్లు, చిన్నతమ్ముణ్ని ఎత్తుకునే ఆడపిల్లలు. సంఖ్య తగ్గిందని ఆ బడి మూతపడితే దెబ్బ తగిలేది వాళ్లకే.

మరి మీరేం చేయగలరు? ప్రొఫెసర్ శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ సంగతి మీలో ఎంతమందికి తెలుసో. 1991లో రంగారెడ్డి జిల్లా ఊళ్లలో వెట్టి పిల్లలతో పని మొదలుపెట్టారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల లెక్క. ఇల్లిల్లూ తిరిగింది ఎక్కువగా ఊరి యువకులే, తమ ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లు, అంటే మీలాంటివాళ్లు. పెద్ద పిల్లలను బ్రిడ్జి కోర్సులో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. తరువాత విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో అదే హక్కుగా వచ్చింది.

మీ చేతిలో ఇంకో ఆయుధం ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు పంచాయతీలైనయి. మనం సర్పంచ్ ఎన్నికలను బాగానే పట్టించుకున్నాం. విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్‌ను ఎవరూ తెరిచి చూసినట్టు లేదు. తమ పరిధిలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి రికార్డు ఉంచాల్సింది, వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించాల్సింది స్థానిక సంస్థ అని అందులో రాసి ఉంది. ఆ రిజిస్టరు చూపించమని గ్రామసభలో అడగండి. లేకపోతే మీరే రాయండి. ఇంటి పేరు, పిల్ల పేరు, వయసు, చివరగా ఏ తరగతిలో ఉంది, ఇప్పుడు ఎక్కడుంది. ఒక తండాకు ఇద్దరు కూర్చుంటే రెండు ఆదివారాల పని.

పుట్టిన తేదీ కాగితం లేదని గాని, టీసీ రాలేదని గాని పిల్లను చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. 14వ సెక్షన్, 5వ సెక్షన్ అని నంబరు చెప్పి అడగండి, మర్యాదగా. సారుతో కొట్లాట పెట్టుకోవద్దు, ఒంటరిగా బడి నడిపే ఆయన కూడా మనలాగే ఇబ్బంది పడుతున్నాడు. రెండో టీచరు కావాలనే అర్జీ తండా తరఫున మీరే రాసి మండల విద్యాధికారికి ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇప్పుడు వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మీ యాడీలే ఉంటారు. సంతకం పెట్టేముందు కాగితంలో ఏముందో చదివి చెప్పే బాధ్యత మీది.

సాయంత్రం పూట తండాలో గంటసేపు ఒకటి, రెండు తరగతుల పిల్లలను కూర్చోబెట్టండి. ట్యూషన్ అని పేరు పెట్టవద్దు. మన భాషలో కథ చెప్పించండి, అదే కథ తెలుగులో చెప్పండి, ఇష్టమున్న పిల్ల ఇంగ్లీషులో రెండు ముక్కలు చెబుతుంది. దీనికి బీఈడీ అవసరం లేదు, రెండు భాషలూ వచ్చి ఉంటే చాలు. అవి మీకు పుష్కలంగా వచ్చు.

జూన్‌లో బడులు తెరుస్తారు. మిరప ఏరటానికి పోయిన ఇళ్లవాళ్లు ఎండలు ముదిరేసరికి తిరిగొస్తారు. నేను ఒక నోటుబుక్కు తెచ్చాను, పేజీకి ఒక తండా చొప్పున గీతలు గీసి ఉంది. సభ అయినంక ఈ బల్ల దగ్గరే ఉంటాను. ఏ తండా రిజిస్టరు ఎవరు రాస్తారో వచ్చి పేరు, ఫోన్ నంబరు రాసిపోండి. జై సేవాలాల్.