ముట్టుకుంటే తిట్టని మ్యూజియం

పోయిన శనివారం మేమంతా శాన్ హోసేలో చిల్డ్రన్స్ డిస్కవరీ మ్యూజియంకి వెళ్లాం. మేమంతా అంటే నేను, మా ఆవిడ, ఐదేళ్ల మా పాప, తెనాలి దగ్గర పల్లె నుంచి మా దగ్గర కొన్నాళ్లు ఉందామని వచ్చిన మా నాన్న. ఇవాళ ఆ కబుర్లే. మొత్తం మ్యూజియం తిప్పి చూపిస్తాననుకుంటే మాత్రం సారీ, సగంలోనే నా ఫోన్ లాగేసుకున్నారు. ఎవరో చెప్తా ఆగండి.

బిల్డింగ్ అంతా ఊదా రంగు. రికార్డో లెగోరెటా అనే మెక్సికో ఆర్కిటెక్ట్ డిజైన్ చేశారు, 1990లో తెరిచారు. అది ఉన్న వీధి పేరు వోజ్ వే. యాపిల్ కంపెనీ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ ఈ మ్యూజియంకి విరాళం ఇచ్చి అండగా నిలబడ్డారు, అందుకే వీధికి ఆయన పేరు. ఐఫోన్ వాడేవాళ్లు అటు వెళ్తే ఓ దణ్ణం పెట్టుకోండి.

మ్యూజియం అనగానే మనకి గుర్తొచ్చేది సాలార్‌జంగ్ కదా. అద్దాల పెట్టెలు, అడ్డంగా తాళ్లు, "దూరం దూరం" అనే గార్డు. మా నాన్నకీ అదే లెక్క. గుమ్మంలోనే పాపతో "అమ్మా, ఏవీ ముట్టుకోకు, పగిలితే మీ నాన్న కట్టాలి" అన్నారు. అది వెంటనే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. ముట్టుకోడానికే కట్టిన మ్యూజియంలో!

పిల్లల కోసం మ్యూజియం అనేది కొత్త ఆలోచనేం కాదు. మొదటిది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1899లోనే వచ్చింది. తర్వాత 1960ల్లో మైఖేల్ స్పాక్ అనే ఆయన బోస్టన్ చిల్డ్రన్స్ మ్యూజియంకి డైరెక్టర్ అయ్యాక అద్దాల పెట్టెల పద్ధతి మార్చి, వస్తువుల్ని పిల్లల చేతుల్లోకి తెచ్చారు. రోజూ వాడే వస్తువుల్ని అడ్డంగా కోసి లోపలేముందో చూపించే ప్రదర్శన కూడా పెట్టారు. ఆ 'లోపలేముంది' అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

సరే, లోపలికి వెళ్లగానే నిజం ఫైరింజన్ ఉంది. ఎక్కి స్టీరింగ్ తిప్పొచ్చు. పాప ఎక్కింది. నేను కింద నుంచి ఫోన్ పట్టుకుని, "ఇటు చూడు, నవ్వు, స్టీరింగ్ మీద చెయ్యి పెట్టు, అటు కాదు ఇటు." అక్కణ్ణుంచి సబ్బు బుడగల దగ్గరికి. పెద్ద రింగుని సబ్బు నీళ్లలో ముంచి మెల్లగా లేపితే మనిషంత బుడగ వస్తుంది. పాప గబుక్కున లేపింది, పగిలిపోయింది. మళ్లీ లేపింది, మళ్లీ టప్. నేనుండబట్టలేక "అలా కాదమ్మా, ఇలా" అని రింగు తీసుకుని చూపించా. భలే బుడగ వచ్చింది లెండి, నాకు. ఇంకోసారి చూపించా. మూడోసారి రింగు దాని చేతికిస్తే తీసుకోలేదు. "యూ డూ ఇట్ నాన్నా, నాకు రాదు" అని పక్కకి జరిగి నిలబడింది.

చిరాకుగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. మామూలుగా అనేసింది. అదే గుచ్చుకుంది నాకు.

అప్పుడు మా నాన్న వచ్చి "ఒరేయ్, ఆ ఫోన్ ఇలా ఇవ్వు" అని తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నారు. "ఆడుతుంది పిల్లా, నువ్వా?" అన్నారు. అంతే, పాప చెయ్యి పట్టుకుని నీళ్ల విభాగం వైపు వెళ్లిపోయారు. గుమ్మం దగ్గర ముట్టుకోవద్దన్నది ఈయనే, గమనించండి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. వచ్చి రెండు నెలలైనా వాళ్లిద్దరికీ పెద్దగా మాటల్లేవు. దీనికి ఇంగ్లీషు ఎక్కువ, ఆయనకి అసలు రాదు. ఇంట్లో ఆయన ఒక సోఫాలో, ఇది ఇంకో సోఫాలో.

కానీ నీళ్లంటే మా నాన్నకి ఒకరు నేర్పాలా? కృష్ణా కాలవ కింద వరి పండించిన మనిషి. పారే నీళ్లలో పిల్లలు బంతులు వదులుతున్నారు. ఈయన ప్యాంటు మడిచి, రెండు చేతులూ అడ్డం పెట్టి నీళ్లు ఆపారు. పాప కూడా చేతులు పెట్టింది. నీళ్లు పైకి లేచాయి, బంతులన్నీ అక్కడే గుమిగూడాయి. "ఇప్పుడు గండి కొట్టమ్మా!" అన్నారు. ఏం చెయ్యాలో దానికి అర్థం కాలేదు. ఆయన ఒక్క వేలు తీశారు. సన్నగా నీళ్లు జారాయి. అది కాసేపు చూసి, తన చేతులు రెండూ ఒక్కసారి లాగేసింది. బంతులు బోదెలో కొట్టుకుపోయినట్టు పోయాయి. ఇక చూడండి, "తాతయ్యా, గండి! తాతయ్యా, గండి!" అని ఒకటే అరుపులు. నలభై నిమిషాలు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డా. మా ఆవిడ నన్ను చూసి నవ్వుతోంది. వీడియో లేదు మరి, నా మాట నమ్మాల్సిందే.

మధ్యలో లూపే అనే మామత్‌ని కూడా చూశాం, పాతకాలం ఏనుగు జాతి. 2005లో ఆ ఊళ్లోనే గ్వాడలూపే నది దగ్గర దాని ఎముకలు దొరికాయి. పాప రెండు నిమిషాలు చూసి మళ్లీ నీళ్లంది.

మధ్యాహ్నం బెంచీ మీద పులిహోర తింటుంటే అడిగేశా. "నాన్నా, నేను మూడో తరగతిలో లోపల ఏముందో చూద్దామని రేడియో విప్పితే బెల్టు తీశావు, గుర్తుందా?" నవ్వుతూనే అడిగా కానీ, ఇన్నేళ్లుగా అడగాలనుకున్నదే. ఆయన వెంటనే ఏం అనలేదు. చెయ్యి తుడుచుకుని, "ఆ రేడియో మనది కాదురా. మీ పెదనాన్నది. కౌలు డబ్బులు కట్టని ఏడాది అది, కొత్తది ఎక్కణ్ణుంచి తేను?" అన్నారు. కాసేపాగి, "నువ్వు మళ్లీ బిగించావు కూడా. ఒక్క స్టేషనే పలికేది" అన్నారు.

నేను బిగించిన సంగతి నాకే గుర్తులేదు.

సరే, వెళ్లేవాళ్లకి నాకు తెలిసిన రెండు ముక్కలు. నీళ్ల విభాగం ఆఖర్న పెట్టుకోండి, లేకపోతే పిల్లలు ఇంకేవీ చూడరు. పిల్లలకే కాదు, తాతయ్యలకి కూడా ఒక జత బట్టలు పట్టుకెళ్లండి. మా నాన్న తడి ప్యాంటుతోనే ఇంటిదాకా వచ్చారు, కారు సీటు ఇంకా ఆరలేదు. ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.